వేలు జారితే లాగకండి!

ముందు నా కుడి చేయి చూడండి. గుప్పెట మూస్తున్నాను. మిగతా వేళ్లన్నీ ముడుచుకున్నాయి, ఉంగరం వేలు మాత్రం అరచేతిదాకా రావట్లేదు కదా?

ఇంటర్‌లో ఉండగా బాపట్లలో వాలీబాల్ ఆడుతూ బ్లాక్‌కి ఎగిరాను. బంతి వేలి కొసకి తగిలి, మధ్య కణుపు దగ్గర వేలు వెనక్కి లేచిపోయింది. "ఏం కాదు రా, లాగితే సరిపోద్ది" అని మావాడు పట్టుకుని లాగాడు. టక్‌మంది. వేలు తిన్నగా కనిపించింది. ఆట కూడా పూర్తి చేశాను. వాపు తగ్గట్లేదని మూడు వారాలకి నాన్న ఎక్స్‌రే తీయించారు. చిన్న ఎముక ముక్క విరిగి ఉంది, కీలు సగమే కూర్చుంది. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇప్పుడు నేను తెనాలిలో ఎముకల డాక్టర్‌ని. రేపల్లె, బాపట్ల వైపు నుంచి వచ్చే కుర్రాళ్లు ఇదే కథ చెబుతుంటారు. అందుకే ఈ వీడియో.

బెణికితే వేలి ఆకారం మారదు. కీలు జారితే వేలు వంకర తిరుగుతుంది, ముడవలేరు. కానీ వాపు వచ్చాక కంటితో చెప్పడం మాకూ కష్టమే. ఎక్స్‌రే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీయాలి. ఎదురుగా బాగానే కనిపించిన వేలు, పక్కనుంచి చూస్తే జారి ఉంటుంది.

లాగితే ఏమవుతుంది? విరిగిన ముక్క ఇంకా పక్కకి జరగొచ్చు. వేలి మొదట్లో కీలు జారితే మరీ ప్రమాదం. అక్కడ కీలుకి ముందుండే గట్టి పొర రెండు ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. లాగేకొద్దీ బిగుసుకుంటుంది. అరచేతి చర్మం మీద చిన్న సొట్ట పడితే అనుమానించాలి. 1957లో కాప్లాన్ అనే అమెరికా సర్జన్ దీన్ని వివరంగా రాశారు. దీనికి సాధారణంగా ఆపరేషనే దారి.

మరి వెంటనే ఏం చేయాలి? ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయండి. గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు పెట్టండి. వేలు ఎలా ఉందో అలాగే అట్టముక్క ఆసరాతో కట్టి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. చర్మం చిట్లినా, వేలు తెల్లబడినా, తిమ్మిరెక్కినా ఒక్క గంట కూడా ఆగొద్దు. మీ ఊళ్లో ఎముకల డాక్టర్ లేకపోతే తెనాలి జిల్లా ఆసుపత్రికో, గుంటూరు జీజీహెచ్‌కో రండి. నాటు కట్టు మీద నమ్మకం ఉన్నా సరే, ముందు ఎక్స్‌రే.

డాక్టర్ వేలికి మత్తు ఇచ్చి కీలు కూర్చోబెడతారు, మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. మామూలుగా వెనక్కి జారినదైతే పక్క వేలితో కలిపి టేపు వేసి, త్వరగా కదిలించమంటారు. అరచేతి వైపు జారితే మాత్రం వేలిని తిన్నగా ఆపే నరం తెగి ఉండొచ్చు. అప్పుడు ఆరు వారాలపాటు మధ్య కణుపు ముడవకుండా పట్టీ వేస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో తీసేయకండి. వాపు కొన్ని నెలలు ఉంటుంది, కంగారు పడొద్దు.

ఇవాళ సాయంత్రం గ్రౌండ్‌లో ఎవరిదైనా వేలు జారితే, లాగడానికి వచ్చే చేతిని ఆపండి. నాకు ఆ రోజు ఆపేవాళ్లు లేరు. ఉంటాను మరి.