తొలి టాకీల్లో గ్యాంగ్‌స్టర్

హాలీవుడ్ గ్యాంగ్‌స్టర్ సినిమాకు ఒక రూపం తెచ్చినవి మూడు చిత్రాలు: 1931లో ‘లిటిల్ సీజర్’, ‘ది పబ్లిక్ ఎనిమీ’, 1932లో ‘స్కార్‌ఫేస్’. తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైందీ 1932లోనే. ఇక్కడ తెరకు గొంతు రాగానే పద్యం, పాట వినబడ్డాయి. అక్కడ వీధి భాష, తుపాకీ మోత, కారు టైర్ల కీచులాట వినబడ్డాయి.

నేరగాళ్ల కథలు మూకీల్లోనూ ఉన్నాయి. అయితే ఆ పాత్రకు ప్రాణం పోసింది మాటే. ‘పబ్లిక్ ఎనిమీ’లో జేమ్స్ కాగ్నీకి మొదట ఇచ్చింది నాయకుడి స్నేహితుడి వేషం. చిత్రీకరణ మొదలయ్యాక దర్శకుడు విలియం వెల్‌మన్ వేషాలు తారుమారు చేశాడు. న్యూయార్క్ పేటల్లో పెరిగిన కాగ్నీ దడదడా మాట్లాడే తీరే ఆ సినిమాకు బలమైంది.

అందులో ఒక ఘట్టం రేడియో శ్రోతలకు బాగా అందుతుంది. జోరువానలో కాగ్నీ పగవాళ్ల స్థావరంలోకి ఒంటరిగా వెళతాడు. కెమెరా వీధిలోనే ఆగిపోతుంది. లోపలి నుంచి కాల్పులు, కేకలు వినిపిస్తాయి. కాసేపటికి అతను తూలుతూ బయటికొచ్చి రోడ్డువార నీళ్లలో కూలబడతాడు. కంటికి కనబడని ఆ కొట్లాటను ప్రేక్షకుడు చెవులతోనే ఊహించుకుంటాడు. మూకీకి ఇది సాధ్యమయ్యేది కాదు.

ఈ సినిమాలను జనం ఎగబడి చూడటానికి కారణం ఆ రోజులే. 1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం. దొంగసారా ముఠాల వార్తలు రోజూ పత్రికల్లో వచ్చేవి. 1929 తర్వాత మాంద్యం ముంచుకొచ్చి లక్షలమందికి పని పోయింది. అలాంటప్పుడు పేదవాడొకడు సూటు, కారు, హోదా తెగించి లాక్కోవడం తెరమీద చూస్తే వాళ్ల కడుపుమంట కాస్త చల్లారింది. చివరికి వాడు చావడం తప్పదు.

నేరానికి మెరుగులు దిద్దుతున్నారని సెన్సార్లు తప్పుబట్టడంతో ‘స్కార్‌ఫేస్’కు ‘జాతికి సిగ్గుచేటు’ అన్న ఉపశీర్షిక తగిలించారు. 1934లో, తెరపై ఏం చూపవచ్చో నిర్దేశించే ప్రొడక్షన్ కోడ్ గట్టిగా అమలుకు వచ్చింది. మరుసటి ఏడు ‘జీ మెన్’లో అదే కాగ్నీ ప్రభుత్వం తరఫున తుపాకీ పట్టాడు.

ఈ గ్యాంగ్‌స్టర్ ఆకర్షణను అందరికన్నా లోతుగా పట్టుకున్నది విమర్శకుడు రాబర్ట్ వార్‌షో 1948 వ్యాసం. అందులో గ్యాంగ్‌స్టర్ విషాద నాయకుడు: పైకి ఎదిగేకొద్దీ ఒంటరివాడవుతాడు, ఆ ఒంటరితనమే అతని ప్రాణం తీస్తుంది. అమెరికా సమాజాన్ని చదివేవారికి ఇది మంచి దారి. తార్నాకను ఆనుకున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1964లో నెలకొన్న అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్‌కు దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చింది ఆ చదువు కోసమే. మద్యనిషేధం, వలస కుటుంబాలు, మాంద్యం గురించి పుస్తకాల్లో చదివిన విద్యార్థికి ఆనాటి గొంతులను వినిపించేవి ఈ సినిమాలే.