కొసొవో మైదానము: పాటలో నిలిచిన జాతి
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



రాజ్యము పోయినను జాతికి జ్ఞాపక మెట్లు మిగులునో తెలుపు చరిత్ర యొకటి నేడు మీకు విన్నవింప దలచినాము.

ఐరోపా ఖండమున ఆగ్నేయ దిశలో కొసొవో అను మైదానము కలదు. 1389వ సంవత్సరము జూన్ మాసమున అచ్చట సెర్బియా ప్రభువు లాజరును, ఆటోమను తురుష్కుల సుల్తాను మొదటి మురాదును తలపడిరి. బోస్నియా రాజు పంపిన సేనయు లాజరు పక్షమున పోరాడెను. ఆ దినమున ప్రభువు లిరువురును మడిసిరి. విజయ మెవరిదో చరిత్రకారులు నేటికిని చర్చించుచునే యున్నారు. సెర్బియా బలము మాత్రము క్రమముగా క్షీణించెను. 1459లో స్మెదెరెవో కోట పడిపోగా రాజ్యమే అంతరించెను.

అటుపిమ్మట శతాబ్దముల తరబడి ఆ కథను కాపాడిన దెవరు? గుస్లె అను తంత్రీవాద్యము వాయించుచు ఊరూర పాడిన గాయకులు. తొమ్మండుగురు కుమారులను ఆ రణమున కోల్పోయిన తల్లి గాథ వారి పాటలలో నొకటి. 1814 మొదలు వూక్ కరాజిచ్ అను పండితు డట్టి జానపద గేయములను అచ్చు వేయింప సాగెను. ఆయనకు పాటలు వినిపించిన వారిలో కన్నులు లేని స్త్రీలును గలరు. 1818లో ఆయన ప్రజల వాడుక భాషకు నిఘంటువును కూర్చెను. జాతి మేల్కొనుటకు ఆ పాటయు, ఆ మాటయు ఊతమయ్యెను.

అయిన నొక హెచ్చరిక. ఆ పాటలు వూక్ బ్రాంకోవిచ్ అను సామంతుని ద్రోహిగా నిందించినవి. చరిత్రలో దానికి నమ్మదగిన ఆధారము లేదు. 1989లో, యుద్ధము జరిగి ఆరువందల యేండ్లు నిండిన నాడు, మిలోషెవిచ్ అను నాయకుడు ఆ మైదానముననే మహాజనసభలో ప్రసంగించి పాత గాయమును రేపెను. తరువాతి పదేండ్లలో ఆ ప్రాంతము యుద్ధములతో రక్తసిక్తమయ్యెను. తల్లులు కాపాడిన జ్ఞాపకమును నాయకులు పగకు వాడుకొనిరి.

తల్లిదండ్రులారా! మేము బడిలో అక్షరములు నేర్పగలము. కథ మాత్రము మీ యింట, మీ నోట పుట్టవలెను. రాత్రి భోజనములైన పిమ్మట బిడ్డలకు తెలుగులో నొక కథ చెప్పుడు. అందు పొరుగు భాషవారిపై ద్వేషము చొరనీయకుడు. వారి బిడ్డలతోనే మన బిడ్డలు బ్రతుకవలసి యున్నది. పాట నిలుపుడు, పగను విడువుడు. ఇదియే మా విన్నపము.