గంట కొట్టే వేళకు చేరాలంటే



సెలవులు దగ్గరపడితే చాలు, మన కర్నూలు, కడప ఇళ్లలో హైదరాబాదు ప్రయాణం మాట వస్తుంది. ఎవరింట్లో దిగాలి, ఏ అంగట్లో చీరలు కొనాలి, ఇవన్నీ నెల ముందే తేలిపోతాయి. సాలార్‌జంగ్ మ్యూజియం సంగతి మాత్రం "పోయినప్పుడు చూద్దాంలే" అని వదిలేస్తాం. అలా వదిలేసినందుకు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి, తరువాత నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా అత్తగారికి ఒకే ఒక కోరిక ఉండేది. పక్కింటావిడ చూసొచ్చి చెప్పింది. అక్కడొక పాలరాతి బొమ్మ ఉందట, ముఖం మీది ముసుగు కూడా రాయేనట, అయినా ముసుగులోంచి ముఖం కనిపిస్తుందట. "రాతిలోంచి ముఖం ఎట్ల కనపడుతుందమ్మే? ఒకసారి చూడల్ల" అని ఏడాది పొడుగునా అంటూండేది. చివరకు ఒక పెళ్లికని అందరం వెళ్లాం. మర్నాడు ఆమెను ఆటో ఎక్కించి మ్యూజియానికి తీసుకుపోయాను. గేటు మూసి ఉంది. ఆ రోజు శుక్రవారం. సెలవు రోజేదో కనుక్కోనిది నేనే, ఇక ఎవరిని అనేది? ఆ రాత్రికే మా రైలు. "పోనీలేమ్మే, గేటన్నా చూస్తిమి గదా" అని నవ్వేసింది. మళ్లీ తీసుకొస్తానని మాటిచ్చాను. ఆ "మళ్లీ" రానే లేదు. మోకాళ్లు ఆమెను గడప దాటనివ్వలేదు.

అందుకే నా మొదటి మాట, ఊరు కదిలే ముందే వారం చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెసుకూ శుక్రవారమే. జూపార్కుకు సోమవారం. కనుక శుక్రవారం పిల్లలకు జూ చూపించి, సోమవారం మ్యూజియానికి వెళ్లారనుకోండి, రెండు రోజులూ కలిసివస్తాయి. చెన్నై వెళ్లేవారు ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూడాలనుకుంటే అక్కడా శుక్రవారమే సెలవు. పండుగ సెలవులు వేరే ఉంటాయి గనుక బయలుదేరే ముందు ఫోనులో మరోసారి చూసుకోవడం మంచిది.

రెండోది వేళ. సాలార్‌జంగ్ మ్యూజియం ఉదయం 10 గంటలకు తెరుస్తారు, సాయంత్రం 5 దాకా ఉంటుంది. టిక్కెట్లు ఇవ్వడం అంతకు ముందే ఆపేస్తారు. రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి కాచిగూడలో దిగుతాం. స్నానాలు, టిఫిన్లు ముగించుకుని పదికల్లా గేటు దగ్గర ఉండండి. సామాన్లు దిగినచోటే వదిలేసి చేతులూపుకుంటూ వెళ్లండి. మొదటి రెండు గంటలు కాళ్లలో ఓపిక, మనసులో ఉత్సాహం రెండూ ఉంటాయి. ఆ తరువాత పిల్లలకు ఆకలి, పెద్దలకు నడుంనొప్పి!

మూడోది, అన్నీ చూసేయాలనే ఆశ మానుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్‌గారు (1889-1949) పెళ్లి పెటాకులు లేకుండా జీవితమంతా సేకరించిన వస్తువులు అక్కడున్నాయి. ఆయన పెద్దల నాటివీ ఉన్నాయి. 1951లో నెహ్రూగారు దివాన్ దేవిడీలో ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మార్చారు. 30కి పైగా గదులు, 40 వేలకు పైగా వస్తువులు. ఒక మనిషి బతుకంతా కూడబెట్టింది మనం ఒక్క పూటలో చూడగలమా? విస్తట్లో అన్నీ ఒకేసారి వడ్డించుకుంటే ఏ రుచీ తెలియదు. ఇంటి దగ్గరే ఒక కాగితం తీసుకుని ఒక్కొక్కరు రెండేసి పేర్లు రాయండి. అబ్బాయికి కత్తులు, డాళ్లు. అమ్మాయికి రవివర్మ బొమ్మలు. ఆయనకు గడియారాలు. అందరివీ రాసి మీవి మరచిపోకండి సుమా!

నాలుగోది గంట కొట్టే గడియారం. గంట పూర్తి కావడానికి మూడు నిమిషాల ముందు గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు దెబ్బలూ వినాలని మధ్యాహ్నం జనం మూగుతారు. చిన్నపిల్లలున్నవారు పదకొండు గంటలకే చూడండి. పదీ నలభైకల్లా చేరితే పిల్లలు ముందు కూర్చుంటారు.

పన్నెండుకు జనమంతా గడియారం వైపు పోయినప్పుడు మీరు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. నేను వెళ్లిన రోజు ఆ వేళకు అక్కడ పలచగా ఉంది. మా అత్తగారు చూడాలనుకున్న బొమ్మ అదే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. రాతిలోంచి ముఖం కనబడదు తల్లీ. ముక్కు, చెంపల మీద మడతలు అంత సున్నితంగా చెక్కాడు, అది పలచటి గుడ్డేనని మన కన్ను మోసపోతుంది.

ఈ అరగంట మీదే కావాలి. ఇంట్లో అందరికీ వడ్డించి మిగిలింది తినే అలవాటు మనకు మ్యూజియంలో కూడా పోదు. ఒకరికి నీళ్లు, ఒకరికి బాత్రూము అంటూ తిరిగి, ఏం చూశావంటే మెట్లు చూశానని చెబుతాం. పిల్లలను కాసేపు వాళ్ల నాన్నకు అప్పజెప్పండి. ఈ మాట కూడా ఇంటి దగ్గరే ఖాయం చేసుకోండి, అక్కడ అడిగితే కుదరదు.

పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లే తల్లులకూ ఇదే లెక్క. పారిస్‌లో మోనాలిసా ఉన్న లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియానికి బుధవారం. లూవ్ర్‌కు ఏ రోజు, ఏ వేళకు వెళ్లేదీ ముందే టిక్కెట్టు తీసుకోవాలి. అబ్బాయి బుక్ చేస్తుంటే పక్కన కూర్చుని "నాకిది చూడాలని ఉంది నాయనా" అని నోరు తెరిచి చెప్పండి.

అంత దూరం ఎందుకు, ముందు ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు. కర్నూలువారికి తుంగభద్ర అవతల ఆలంపురం మ్యూజియం, కడపవారికి ఊళ్లోనే భగవాన్ మహావీర్ మ్యూజియం ఉన్నాయి. ఒక పూట, నాలుగు శిల్పాలు, చాలు.

నేను చివరిసారి వెళ్లినప్పుడు పన్నెండు కొడుతుంటే రెబెక్కా ముందు నిలబడ్డాను. పక్కన అత్తగారు లేరు. మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా "ఒకసారి చూడల్ల" అంటూంటే, "మళ్లీ చూద్దాం" అనకండి. ఈ రోజే కాగితం తీసి రోజు, వేళ రాయండి.