వినోదవనంలో చిరుతిళ్లు

తిండిని గురించి నిజం పలకడం మన జాతికి అంత సులభమైన పని కాదు. అన్నాన్ని దైవంగా భావించే సంప్రదాయంలో పెరిగినవారం మనం. విస్తరి ముందు కూర్చున్నాక పప్పులో ఉప్పు తగ్గినా, చారు నీళ్లవలె ఉన్నా, వడ్డించే ఇల్లాలి ముఖం చూచి "దివ్యంగా ఉన్నదమ్మా" అంటాము. ఆ మాటలో అసత్యం ఉన్నా దోషం లేదు. అది రుచికి చెప్పిన తీర్పు కాదు, శ్రమకు చేసిన నమస్కారం. కాని వెల యిచ్చి కొన్న తిండి సంగతి వేరు. అక్కడ అమ్మేవాడు వర్తకుడు. మనం అతనికి చెల్లించవలసినది ధరయే గాని మొగమాటం కాదు.

అయితే ఒకచోట ఈ రెండు ధర్మాలూ కలగాపులగం అవుతవి. కొనేవాడు కన్నకొడుకు, తినేవారు తల్లిదండ్రులు అయినప్పుడు చిక్కు వస్తుంది. నేడు అమెరికాలో, అందులోనూ కాలిఫోర్నియా రాష్ట్రంలో, మన తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడి ఉన్నవి. వారిని చూడబోయిన తల్లిదండ్రులకు పిల్లలు చూపించే వింతలలో డిస్నీలాండు ఒకటి. చలనచిత్రాల బొమ్మలకు ప్రాణం పోసిన వాల్ట్ డిస్నీ, అనహైమ్ అనే ఊళ్లో నారింజతోటలున్న 160 ఎకరాల నేలమీద ఈ వినోదవనాన్ని కట్టించి, 1955 జూలై 17న తెరిపించినాడు. అక్కడికి వెళ్లినవారు ఎక్కిన రంగులరాట్నాలను గురించి ఎంత చెప్పుకుంటారో, తిన్న చిరుతిళ్లను గురించీ అంతే చెప్పుకుంటారు. కొడుకో కోడలో ఏదో ఒకటి చేతికిచ్చి "ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. "బాగుంది నాయనా" అంటుంది తల్లి. ఆ "బాగుంది"లో ఎంత నిజమున్నదో విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

నాలుక ఎన్నడూ ఒంటరిగా తీర్పు చెప్పదు. కన్నూ, ముక్కూ, కాళ్ల నొప్పీ, పక్కనున్న మనుమరాలి కేరింతా దానికి సాక్ష్యం పలుకుతవి. ఈ సంగతి వినోదవనాల నిర్మాతలకు మనకంటె బాగా తెలుసు. డిస్నీలాండు పక్కనే 2001లో తెరచిన రెండవ వనంలో, ఆకాశయానం చేస్తున్నట్టు భ్రమ కల్పించే ఒక వినోదాన్ని ఏర్పాటు చేసినారు. తెరమీద నారింజతోటల పైకి రాగానే ప్రేక్షకుల ముక్కులకు నారింజ పరిమళం తగిలేది. నారింజచెట్లను తొలగించిన ఊళ్లోనే, యంత్రం చేత నారింజ వాసన వేయించినారన్నమాట! అటువంటి చోట తిన్న తిండిని తూచాలంటే తక్కెడ కొంచెం గట్టిదే కావాలి. నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఇదే పదార్థాన్ని మామూలు రోజున మన ఇంటి అరుగుమీద పెడితే తింటామా? దానికి ఆ చోటుతో ఏమైనా పొత్తు ఉన్నదా? తిన్న గంటకు కడుపు ఏమంటుంది?

మొదట పేలాలు. పాప్‌కార్న్ అనే ఈ మొక్కజొన్న పేలాల బండ్లు ఆ వనంలో అడుగడుగునా కనిపిస్తవి. ఒక్కొక్క బండి అద్దాల పెట్టెలో ఒక చిన్న బొమ్మ కూర్చుని పిడి తిప్పుతూ ఉంటుంది. పిల్లలు పేలాలకంటె ముందు ఆ బొమ్మను చూస్తారు. పేలాల రహస్యం గింజలోని నీటిలో ఉన్నది. మంచి గింజలో నూటికి సుమారు 14 పాళ్లు తేమ ఉంటుంది. వేడి 180 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరేసరికి ఆ తేమ ఆవిరియై, గట్టి పెంకును పగలగొట్టుకొని, లోపలి పిండిపదార్థాన్ని నురుగువలె ఉబ్బిస్తుంది. తొలి ఏకాదశికి జొన్నపేలాలు విసిరి, బెల్లం కలిపి పేలపిండి చేసుకునే మనకు ఇది కొత్త విద్య కాదు. అప్పుడే పేలినవి కరకరలాడుతవి, తేలికగా ఉంటవి, నడుస్తూ తినడానికి అనుకూలం. కాని వాటిలో ఆ చోటికే ప్రత్యేకమైన రుచి ఏమీ లేదు. అక్కడ మనం కొంటున్నది పేలాలను కాదు, వాటిని పోసియిచ్చే బొమ్మల డబ్బాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ డబ్బా కందిపప్పు పోసుకోవడానికి పనికి వస్తుంది గనుక మరీ నష్టమని అనను.

రెండవది చుర్రో. ఇది స్పెయిన్ దేశం నుంచి మెక్సికోకు, అక్కడినుంచి కాలిఫోర్నియాకు నడచివచ్చిన పిండివంట. వేడినీళ్లలో గోధుమపిండి వేసి ముద్దచేసి, నక్షత్రాకారపు చిల్లు గల గొట్టంలో పెట్టి నూనెలోకి వత్తుతారు. వేగినదానిపై పంచదార, దాల్చినచెక్క పొడి కలిపి అద్దుతారు. మన ఇల్లాండ్రు చూస్తే ఇది జంతికల గొట్టానికి దూరపు చుట్టమని వెంటనే పోల్చుకుంటారు. కడ్డీకి చాళ్లు ఉండటం అలంకారానికి మాత్రమే కాదు. ఆ చాళ్ల వలన పిండి సమంగా వేగుతుంది, పంచదార నిలవడానికి పట్టు దొరుకుతుంది. వేడిగా చేతికి వచ్చినప్పుడు పైన కరకర, లోన మెత్తన. దాల్చినచెక్క పరిమళం పాయసం తిన్నంత తృప్తినిస్తుంది. కాని దీని ఆయుర్దాయం బహు తక్కువ. ఏదో ఒక ఆట కోసం వరుసలో నిలుచుని, చల్లారిన తరువాత కొరికితే తోలువలె సాగుతుంది. జంతిక పదిరోజులైనా డబ్బాలో నిలుస్తుంది. చుర్రో పది నిమిషాలు నిలవదు. కనుక కొన్నచోటనే నిలబడి తినవలసిన వస్తువు ఇది. అలా తింటే నా మొదటి ప్రశ్నకు నిలుస్తుంది.

మూడవది అనాసపండు రుచిగల డోల్ విప్. 1963లో మొదలైన చిలుకల పాటల మందిరానికి 1976 నుంచి డోల్ అనే పండ్ల వర్తకసంస్థ ప్రాయోజకత్వం వహించింది. ఆ సంబంధం వలన అనాసరసం, 1980ల నడిమి నుంచి ఈ చల్లని పదార్థం అక్కడికి వచ్చినవి. చూడటానికి ఐస్‌క్రీం వలెనే ఉంటుంది గాని ఇందులో పాలు ఉండవు. పచ్చి అనాసరసం పాలతో కలిస్తే చేదెక్కుతుందని మన వంటింటి వారికి తెలిసిన విషయమే. ఇక్కడ పాల అడ్డు లేకపోవడం వలన పులుపూ తీపీ రెండూ నిర్మలంగా తెలుస్తవి. మధ్యాహ్నపు ఎండలో నాలుగు మైళ్లు నడచిన మనిషికి ఇది నిజమైన ఉపశమనం. చోటుతో పొత్తు కూడా ఉన్నది. అయితే తీపి తీపియే. పాలు లేవు గనుక పథ్యానికి పనికి వస్తుందని మధుమేహం ఉన్నవారు భ్రమపడరాదు; ఒక గిన్నెను నలుగురు పంచుకోవడం ఉత్తమం.

మాంసాహారుల కొరకు రెండు పదార్థాలు ప్రసిద్ధి. ఒకటి టర్కీకోడి కాలు. ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువగా తూగే ఆ కాలును చేతపట్టుకుని నడిచేవారిని చూస్తే గదాధరుడైన భీమసేనుడు జ్ఞాపకం వస్తాడు. ఇంత పెద్ద కాలు కోడిది కాదని, ఈమూ పక్షిదని ఒక వదంతి చాలాకాలంగా తిరుగుతున్నది. అది నిజం కాదు. టర్కీలో మగపక్షి బాగా పెద్దది, అంతే. ఆ మాంసాన్ని ఉప్పునీటిలో ఊరవేసి పొగబెడతారు. అందుచేతనే అది ఎర్రబడి, కోడి రుచిని విడిచి, ఊరవేసిన పందిమాంసం రుచికి దగ్గరవుతుంది. ఉప్పుచేప రుచి మరగినవారికి నచ్చవచ్చు. నా అభిప్రాయంలో అది ఒక్కరు తినవలసిన చిరుతిండి కాదు, ఒక కుటుంబానికి సరిపడే కూర. పెద్దవారు రోజు మొత్తంమీద 5 గ్రాముల లోపు ఉప్పుతో సరిపెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. రక్తపుపోటు ఉన్నవారు ఈ గదను దూరం నుంచి చూచి ఆనందించడం మేలు.

రెండవది కార్న్‌డాగ్. సాసేజి అనే మాంసపు కడ్డీకి పుల్ల గుచ్చి, మొక్కజొన్న పిండిలో ముంచి, నూనెలో వేయిస్తారు. బజ్జీ సిద్ధాంతమే ఇది. మిరపకాయకు బదులు మాంసం. పైపిండిలోని కొద్దిపాటి తీపి, లోపలి ఉప్పదనం ఒకదానికొకటి తోడుపడతవి. వేడిగా ఉన్నంతసేపు మంచి తిండి. దీనిలో కారం ఏదని మాత్రం అడగరాదు. శాకాహారులు దీనిని చూచి బజ్జీ అని పొరబడే అవకాశం ఉన్నది గనుక ముందుగా అడిగి తెలుసుకోవాలి. చుర్రో పిండిలోనూ గుడ్డు కలిపే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నది. ఆ పట్టింపు ఉన్నవారు అదీ విచారించుకోవాలి. అక్కడ అడగడం తప్పు కాదు. అమ్మేవారు విసుగుకొనక చెబుతారు.

ఇక ఊరగాయ. నవ్వకండి. పండ్ల బండ్లమీద జానెడు పొడవున దోసకాయను ఉప్పునీటిలో ఊరవేసి, విడిగా ఒక్కొక్కటి అమ్ముతారు. ఆవకాయ, మాగాయ తిని పెరిగినవాడికి దానిని ఊరగాయ అనడానికి నోరు రాదు. ఆవపిండి లేదు, మెంతిపొడి లేదు, నూనె లేదు. సోయికూరను పోలిన ఒక ఆకు వాసన మాత్రం ఉంటుంది. కాని నిష్పక్షపాతంగా చెప్పాలంటే, తీపి మీద తీపి తిని మొగం మొత్తినప్పుడు ఆ పులుపు ప్రాణం లేచివచ్చేటట్టు చేస్తుంది. దాని పేరును క్షమించి తినవచ్చు.

ఆ వనంలో పుట్టి, ప్రపంచమంతా తిరిగిన చిరుతిండి మరొకటి ఉన్నది. 1955లో అక్కడ కాసా డి ఫ్రిటోస్ అనే మెక్సికను పద్ధతి భోజనశాల వెలసినది. దానికి మొక్కజొన్న రొట్టెలు బయటి సంస్థ ఒకటి సరఫరా చేసేది. నిలవ ఉండి పారవేయబోతున్న రొట్టెలను చూచి, ఆ సంస్థ మనిషి ఒకడు, వాటిని ముక్కలుగా కోసి వేయించరాదా అని సలహా ఇచ్చినాడని చెబుతారు. వేయించి, మసాలా చల్లి పెట్టగా జనం ఎగబడినారు. ఫ్రిటో-లే సంస్థ అధికారి ఆర్చ్ వెస్ట్ దానిని గమనించినాడు. 1966 నాటికి అదే డోరిటోస్ పేరుతో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చినది. ఆ భోజనశాల ఆ పేరుతో నేడు లేదు గాని ఆ ముక్కలు మన ఊరి కిరాణాకొట్లలోనూ దొరుకుతున్నవి. మిగిలిన ఇడ్లీలను పొడిచేసి తిరగమోత వేసే మన ఇల్లాండ్రకు ఈ కథలో ఆశ్చర్యం ఏమీ కనిపించదు. పారవేయడానికి చేయి రాని మనస్సునుంచే మంచి చిరుతిండ్లు అనేకం పుట్టినవి.

ఇంతకూ తీర్పు ఏమి? నా మూడు ప్రశ్నలకూ నిలిచినది అనాస చల్లదనం ఒక్కటే. అదికూడా పంచుకుని తింటేనే. వేడివేడి చుర్రో, కార్న్‌డాగ్ రెండవ వరుసలోనివి. పేలాలు కాలక్షేపం. టర్కీకాలు ఒక దృశ్యం. వీటన్నిటిలోనూ ఉప్పు, తీపి, నూనె అనే మూడు ద్రవ్యాలే రాజ్యం చేస్తున్నవి. దినమంతా ఇవే తింటే మరునాడు శరీరం లెక్క అడుగుతుంది.

ఇక్కడ ఒక ఉపయోగకరమైన సంగతి మనవి చేస్తాను. ఆ వనంలోకి స్వంత వినియోగానికి ఇంటినుంచి తిండి తీసుకుపోవడానికి అనుమతి ఉన్నది. గాజుపాత్రలు, మద్యం, అక్కడ వేడి చేయవలసిన పదార్థాలు మాత్రం కూడవు. తినుబండారాల కొట్లలో అడిగితే చల్లని మంచినీరు వెల లేకుండా ఇస్తారు. అనగా డబ్బాలో పులిహోర, దద్ధ్యోదనం పట్టుకుపోవడానికి ఏ ఆటంకమూ లేదు. తీర్థానికి పోయేటప్పుడు పులిహోర మూట కట్టిన మన పెద్దలు, దూరప్రయాణానికి ఏది నిలుస్తుందో, ఏది కడుపును చల్లగా ఉంచుతుందో ఆలోచించే కట్టినారు. భోజనం ఇంటిది, చిరుతిండి చోటుది అని విభజించుకుంటే ఖర్చు తగ్గుతుంది. చిరుతిండి కూడా చిరుతిండిగానే మిగులుతుంది.

మన తిరునాళ్లకూ, హైదరాబాదులో 1938లో మొదలై ఏటా జరుగుతున్న నుమాయిష్‌కూ ఈ పరిశీలన వర్తించకపోలేదు. అక్కడి మిరపకాయ బజ్జీలో ఉన్న పస చుర్రోలో లేదని నేను నిస్సంకోచంగా చెప్పగలను. కాని బజ్జీ తిన్నచోట అడగకుండానే మంచినీరు దొరకాలి, ఆకు పారవేయడానికి తొట్టి దగ్గరలో ఉండాలి, పదార్థంలో ఏమి కలిపినారో అడిగితే చెప్పగలగాలి. రుచి విషయంలో మనం ఎవరికీ తీసిపోము. ఈ మూడింటిలో పొరుగువారిని చూచి నేర్చుకోవడం చిన్నతనం కాదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ప్రేమతో కొనిపెట్టిన ప్రతిదానికీ "బాగుంది" అంటే వారు మళ్లీ మళ్లీ అదే కొంటారు; పంచదార జబ్బు ఉన్న తండ్రి కొడుకు మనస్సు నొచ్చుకుంటుందని రెండవ చుర్రో కూడా తింటాడు. ఇది వాత్సల్యమే గాని వివేకం కాదు. "నీతో కలిసి తిరగడం నాకు సంతోషంగా ఉన్నది నాయనా, ఈ తిండి మాత్రం నాకు సరిపడదు" అని చెప్పడంలో ఎవరికీ అగౌరవం లేదు. అలా చెప్పగలిగిన తల్లి, ఏ అనాస గిన్నెనో రుచి చూచి "ఇది బాగుంది" అన్ననాడు, ఆ మాటను కొడుకు పూర్తిగా నమ్ముతాడు.