పొలము గల యింట చదువదగినవి

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తరతరములుగా సేద్యము చేయు కుటుంబములవారు ఏమేమి చదువవలెనో చెప్పుమని సంఘమువారు మమ్ము నియోగించినారు. సేద్యము చేసి నేర్చునదే గాని చదివి నేర్చునది కాదని పెద్దలందురు. అది సత్యమే. కాని దొడ్డబళ్ళాపురము చుట్టుపట్ల మనవారి పొలములు చేజారుట మనమందరము చూచితిమి. వానలేమి చేత పోయినవి కొన్ని. ఇంటనున్న కాగితము చదువక, అన్నదమ్ములు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనక పోయినవియు కలవు. నేటి మా ప్రసంగము ఈ రెండవ తరగతి నష్టమును గూర్చినది.

మొదట చదువవలసినది అంగడిలో దొరకు పుస్తకము కాదు, మన యింటి పెట్టెలో నున్నది. మాకు తెలిసిన యొక యింట తాతగారి కాలపు విభాగపత్రము తెలుగు లిపిలో నున్నది. బావి యెవరి భాగమునకు చెందునో, బండిత్రోవ ఎవరి చేని మీదుగా పోవునో అందు స్పష్టముగా వ్రాసినారు. మనుమలు కన్నడమునను ఇంగ్లీషునను చదువుకొన్నవారు. వారికి తెలుగు మాట వచ్చును, అక్షరము రాదు. పహణీ కన్నడమున నున్నది; దానిని అవ్వ చదువలేదు. ఇట్లు ఇంటి కాగితము ఇంటివారికే మూగదైనది. త్రోవ తగవు రెండేండ్లు సాగినది. తుదకు పొరుగూరి వృద్ధుడొకరు ఆ పత్రమును చదివి వినిపింపగా ఒక్క పూటలో తీరినది. అప్పటికి అయిన ఖర్చు మాత్రము తిరిగి రాలేదు.

కావున ప్రతి కుటుంబము ఏటికొకసారియైనను పహణీని, ఖాతాను, మ్యుటేషన్ నకలును, ఈ.సి.ని, సర్వే నక్షను ముందుంచుకొని చదువవలెను. సర్వే నంబరు, విస్తీర్ణము, హద్దులు ఒకదానితో నొకటి సరిపోవుచున్నవా యని చూడవలెను. ‘భూమి’ పథకము వచ్చి ఇరువది యేండ్లు దాటినది. పహణీలు కంప్యూటరు నుండి వెలువడుచున్నవి. అయినను కాలముచేసిన తాతగారి పేరే అందు నిలిచియున్న యిండ్లు గలవు. పౌతి ఖాతా చేయించుకొననివారికి పంట అప్పు తెచ్చుకొనునప్పుడును, నష్టపరిహారము వచ్చునప్పుడును చిక్కు తప్పదు.

రెండవది వారసత్వ ధర్మము. ఇది మనకు క్రొత్త విషయము కాదు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని గూర్చి మన న్యాయస్థానములు ప్రమాణముగా గైకొన్న మితాక్షర ఈ కర్ణాటక దేశమునందే, కల్యాణ నగరమున, చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించినది. దానిని 13వ శతాబ్దమున కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేర తెలుగు చేసెను. కన్నడ దేశమున పుట్టిన ధర్మము తెలుగు పద్యమున నిలిచినదనుట మనబోటివారు సంతసింపదగిన సంగతి.

అయితే నేటి ధర్మము మారినది. ఆంధ్రప్రదేశ్ శాసనము 1985 సెప్టెంబరు 5 నుండియు, కర్ణాటక శాసనము 1994 జూలై 30 నుండియు, ఆ తేదీలకు వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు నిచ్చినవి. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ వివాహితలకును ఆ హక్కును కల్పించినది. ఆ నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన విభాగములకు దీనివలన భంగము లేదు. ఆడపడుచులకు పసుపు కుంకుమల క్రింద ఏమో ఇచ్చితిమి, ఇక వారి మాట యెందులకు అను తలంపు చట్టము ముందు నిలువదు. ధర్మము ముందును నిలువదు. వారిని పిలిచి మాటలాడుట పొలము అమ్ముటకు ముందే జరుగవలెను.

మూడవది సేద్యపు చదువు. బెంగుళూరు త్రోవలో మనకు దగ్గరనే 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయ మున్నది. రాగి, అనుములు, ద్రాక్ష, పట్టుపురుగుల పెంపకములను గూర్చి వారి కన్నడ ప్రచురణలు సులభశైలిలో నుండును. పుత్తూరు నుండి 1988లో వెలువడసాగిన ‘అడికె పత్రికె’ రైతులే తమ యనుభవములను వ్రాసుకొను పద్ధతిని చూపినది. జపాను రైతు ఫుకువోకా రచించిన ‘గడ్డిపరకతో విప్లవము’ తెలుగున లభించును. అందొక ఘట్టమును తండ్రీ కొడుకులు కలిసి చదువదగును. తండ్రి యప్పగించిన నారింజ తోటను ప్రకృతికే విడుతునని అతడు కొమ్మలు కత్తిరించుట మానెను. కొమ్మలు చిక్కువడి, పురుగు పట్టి చెట్లు ఎండిపోయెను. అంతవరకు మనిషి చేతిలో పెరిగిన చెట్టును ఒక్కసారిగా వదలరాదని అతడు తెలిసికొనెను. తన తప్పును దాచక వ్రాసిన ఆ రైతు మనకు ఆదర్శము. అయితే అతని ద్వీపమునకు వాన సమృద్ధి. మన ఎర్రనేలకు కాదు. చదివినదెల్ల చేనిలో చేయబూనక, తొలుత ఒక మూల పరీక్షింపవలెను.

నాలుగవది ఇంకను వ్రాయబడని పుస్తకము. బోరు ఎన్ని యడుగులకు దిగినది, ఏ యేట ఏ విత్తనము చల్లితిమి, ఎవరి వద్ద ఎంత అప్పు తెచ్చితిమి అను సంగతులు పెద్దల మనసులోనే యున్నవి. వారు పోయిన దినమున అవియు పోవును. రెండు రూకల నోటుపుస్తకమైనను చాలును, నేడే మొదలిడవలెను.

మా విన్నపము ఒక్కటే. నెలకొక సాయంకాలము మూడు తరములవారును కూర్చుండుడు. తాతగారు తెలుగు పత్రము చదువవలెను, మనుమరాలు కన్నడ పహణీ చదువవలెను, కోడలు లెక్క వ్రాయవలెను. ఆ పిల్లకు తెలుగు అక్షరములు నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు తోచదు. వచ్చు సమావేశమునకు మీ యింటి పాత పత్రముల నకళ్ళు తెండు. చదువ వచ్చినవారము కొందరము కూర్చుండి చదివి పెట్టుదుము.