అంతర్జాతీయ అభివృద్ధి, విద్య: మన పిల్లలు చదవదగిన చదువేనా?

(ఉద్యోగ కుటుంబాల విద్యాసభలో ఒక విశ్రాంత ఆర్.ఎమ్.ఎస్. ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

  

నేను విద్యావేత్తను కాను. ముప్పై రెండేళ్లు ఆర్.ఎమ్.ఎస్.లో ఉత్తరాలు సార్టింగు చేసినవాడిని. మా రెండవ అమ్మాయి డిగ్రీలో అంతర్జాతీయ అభివృద్ధి, విద్య అనే విషయాన్ని చదువుతానన్నప్పుడు, “ఈ చదువుకు చిరునామా ఏదమ్మా?” అని అడిగాను. “మీరు కట్టిన సంచులలోనే ఉన్నది నాన్నా” అన్నది. ఆనాడు నాకు కోపమే వచ్చినది. తరువాత ఆమె పుస్తకాలు నేనూ చదివాను. ఆమె మాటలో నిజమున్నదని గ్రహించాను. గ్రహించిన దానినే నేడు మీ ముందు ఉంచుతున్నాను.

1874లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒక ఒప్పందంపై సంతకాలు చేసి, నేటి విశ్వ తపాలా సమితికి పునాది వేసినవి. మన దేశం 1876లో అందులో చేరినది. పంపిన దేశపు బిళ్ళ ఒక్కటి అంటిస్తే చాలు, ఉత్తరం ఏ సభ్యదేశానికైనా చేరవలసినదే. తపాలా రుసుము పంపిన దేశానిదే. అందజేసిన దేశానికి ఆనాడు దానిలో వాటా లేదు. పంపే ఉత్తరాలకంటె అందుకొనే ఉత్తరాలు ఎక్కువైన దేశంలో తపాలా బంట్రోతు కష్టానికి ఎవరు చెల్లించాలి? ఈ ప్రశ్నకు సమాధానంగా పరస్పర చెల్లింపుల పద్ధతిని ఆమోదించినది 1969లో. అంటే దాదాపు ఒక శతాబ్దం పట్టినది. దేశాల మధ్య సహకారం ఎంత ఉత్తమమైనదైనా, భారం ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్నలు దానిని విడిచిపెట్టవు. ఈ శాస్త్రానికి మొదటి పాఠం ఇదే.

రైల్వే సోదరులకు మరొక సంగతి. ప్రపంచ బ్యాంకు మన దేశానికి ఇచ్చిన తొలి ఋణం 1949లో రైల్వేలకే. ఇంజన్లు మొదలైన సామగ్రికై ఇచ్చిన ఆ మొత్తం 3 కోట్ల 40 లక్షల డాలర్లు. అభివృద్ధి అంటే ఆనాడు ఇనుము, బొగ్గు, విద్యుత్తు. బడి ఆ లెక్కలో లేదు. ఆ బ్యాంకు విద్యకై తొలిసారి ధనం ఇచ్చినది 1962లో, ట్యునీషియా దేశానికి. మనిషికి చదువు చెప్పించుట కూడా పెట్టుబడియే అన్న వాదం అప్పటికి బలపడుతున్నది.

అయితే ఆ వాదం ఎదురుతిరిగిన కాలం కూడా ఉన్నది. 1980 దశకంలో అప్పుల భారంతో క్రుంగిన అనేక ఆఫ్రికా దేశాలు ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించుకొనవలసి వచ్చినది. బడిలో రుసుము వసూలు చేస్తే నిధులు సమకూరుతాయి, తల్లిదండ్రులకు శ్రద్ధ పెరుగుతుంది అని నిపుణులు సలహా ఇచ్చారు. కాగితంపై అది సబబుగానే కనిపించినది. ఇంటిలో జరిగినది వేరు. నలుగురు పిల్లలున్న తల్లి, ఇద్దరి రుసుము మాత్రమే కట్టగలిగితే, ఎవరిని మానిపిస్తుంది? ఆడపిల్లను.

తరువాత మలావీ 1994లో, ఉగాండా 1997లో, కెన్యా 2003లో ప్రాథమిక పాఠశాలలలో రుసుములను రద్దు చేసినవి. కెన్యాలో ఒక్క సంవత్సరంలో బడిపిల్లల సంఖ్య సుమారు 59 లక్షల నుండి 72 లక్షలకు పెరిగినది. 2004లో కిమానీ మరూగే అనే 84 సంవత్సరాల వృద్ధుడు పసిపిల్లల సరసన ఒకటవ తరగతిలో కూర్చున్నాడు. ఇన్ని లక్షలమంది చదువుపై శ్రద్ధ లేక ఇంట ఉన్నారా? కాదు, వారిని ఆపినది రుసుమే. ఆ వెంటనే రెండవ చిక్కు వచ్చినది. గదులు చాలలేదు, ఉపాధ్యాయులు చాలలేదు. బడిలో చేరుట వేరు, చదువు వచ్చుట వేరు.

మన చరిత్ర దీనికి భిన్నం కాదు. 1911లో గోఖలే ప్రవేశపెట్టిన నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు ఓడిపోయినది. 14 సంవత్సరాల వయస్సు వరకు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత విద్య కల్పించుటకు ప్రయత్నించాలని 1950 నాటి రాజ్యాంగం చెప్పినది. అది హక్కుగా చట్టరూపంలో అమలులోకి వచ్చినది 2010 ఏప్రిల్ 1న. ఇక నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990 దశకపు తొలి సంవత్సరాలలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు, పాఠం ముగించి సారా దుకాణాన్ని మూయించుటకు కదిలారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చినది. విద్య ఫలితాన్ని ఏ నిపుణుడూ ముందుగా గీత గీసి చూపలేడనుటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

విద్యార్థులారా! ఈ విషయాన్ని చదవదలిస్తే మూడు సంగతులు గుర్తుంచుకొనండి. ఒకటి, అర్థశాస్త్రాన్ని, గణాంకాలను తప్పించుకొనవద్దు. లెక్క తెలియని సానుభూతి సభలో చప్పట్లకు పనికివస్తుంది గాని బడ్జెటు ముందు నిలువదు. రెండు, చరిత్ర చదవండి. అభివృద్ధి అధ్యయనానికి పేరుపొందిన సంస్థ 1966లో ఇంగ్లండులోని ససెక్స్‌లో వెలసినది. పేద దేశాలను గూర్చిన చదువు ధనిక దేశంలో ఎందుకు వెలసినదో ఆలోచించండి. మూడు, పుస్తకం మూసి బస్తీలోకి వెళ్ళండి. మా అమ్మాయి రైలు కట్ట ప్రక్కనున్న ఒక బడికి వెళ్ళినది. హాజరుపట్టీలో పేర్లున్నవి, బల్లలపై పిల్లలు లేరు. ఇంటింటికీ వెళితే, తల్లి కూలికి పోగా చంటివాడిని ఎత్తుకొని కూర్చున్న అక్కలు కనిపించారట. అంగన్‌వాడీ వేళలు మారనిదే ఆ బడి నిండదని ఆమె వ్రాసినది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ డిగ్రీ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని నేను చెప్పను. మన దేశంలో ఈ విషయం ఎక్కువగా ఎం.ఏ. స్థాయిలోనే ఉన్నది. డిగ్రీలో అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, రాజనీతి వంటివి గట్టిగా చదివి, ఆపై దీనిలోకి రావచ్చును. ఒక ఏజెంటు మాట నమ్మి ప్రావిడెంటు ఫండు ఖాళీ చేసి బిడ్డను విదేశానికి పంపిన మిత్రుడొకరు నేటికీ వడ్డీ కడుతున్నాడు. మేము అప్పు చేయలేదు. అమ్మాయి మన రాష్ట్రంలోనే అర్థశాస్త్రంతో బి.ఏ. చదువుతున్నది.

కాని ఖర్చును గూర్చి జాగ్రత్తపడుట వేరు, చదువునే వద్దనుట వేరు. రుసుములు విధించమన్న ఆ గదులలో, రుసుము కట్టలేని ఇంటినుండి వచ్చినవారు ఎందరున్నారు? మన పిల్లలు ఆ గదులలోకి వెళ్ళాలి. ఇంటి లెక్క తెలిసినవారు దేశపు లెక్క వ్రాయునపుడు ప్రక్కనుండాలి. ఆనాడు నేనడిగిన చిరునామా ఇదే.