ప్లాస్టిక్ విమానప్రతిమల గుణపరీక్ష



విమానమును ఆకాశమున దూరమునుండి చూచి యానందించుటకే అలవాటుపడిన మనకు, దానిని అరచేతిపై నిలుపుకొని, రెక్కల క్రిందిభాగమును, పొట్టను, తోకమొదటి వంపును తీరికగా పరిశీలించు నవకాశము నొసగునది ప్లాస్టిక్ కిట్టు. పెట్టెలో విడివిడి ముక్కలుగా వచ్చి, జిగురుతోను ఓర్పుతోను ఒక్కటై, రంగులు పూసుకొని నిలిచెడి యీ ప్రతిమలను పిల్లల యాటవస్తువులని త్రోసిపుచ్చువారు కలరు. అయితే అచ్చును చెక్కినవాడు అసలు వస్తువును ఎంత శ్రద్ధగా చూచెను, చూచినదానిలో దేనిని నిలిపెను, దేనిని విడిచెను అను ప్రశ్నలు శిల్పమున వలెనే ఇందును పుట్టుచున్నవి. కావున దీనిని కళగానే యెంచి, ఒక కిట్టుకును మరియొక కిట్టుకును గల తారతమ్యమును గుర్తించు విధమును నేడు మీకు మనవిచేయదలచితిని.

అన్ని విమానములను తడవుటకంటె ఒక్కదానిని పట్టుకొనుట మేలు. స్పిట్‌ఫైర్‌ను తీసికొందము. ఆర్. జె. మిచెల్ రూపకల్పనమున 1936 మార్చి 5వ తేదీన తొలిసారి యెగిరిన యీ బ్రిటిష్ యుద్ధవిమానమునకు అచ్చుపోయని కిట్టుల కంపెనీ అరుదు. ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1953లో తన మొదటి విమానపు కిట్టుగా దీనినే 72వ వంతు పరిమాణమున తెచ్చి, వూల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మించెను. ఆకారమున దోషములు మిక్కుటముగా ఉన్నను, సామాన్యుని యింటికి విమానమును చేర్చిన పుణ్యములో దానికి గొప్ప పాలు కలదు. దరిమిలా జపానుదేశమున షిజువోకా నగరపు తమియా సంస్థ 2018లోను, చెక్ దేశపు ఎడ్యువర్డ్ సంస్థ 2020లోను, ఈ విమానపు మార్క్ వన్ అను తొలి రూపమునే 48వ వంతున క్రొత్తగా అచ్చుపోసినవి. ఆ 1953 నాటి కిట్టును, ఈ రెండింటిని ఒకేచోట నుంచి చూచువానికి ఈ కళ నడచిన దారి యంతయు కన్నులయెదుట నిలుచును.

మొదట పరిమాణమును గూర్చి ఒక మాట. స్పిట్‌ఫైర్ రెక్కల నిడివి 36 అడుగుల 10 అంగుళములు, అనగా 11.23 మీటర్లు, 48వ వంతున అది 234 మిల్లీమీటర్లు, 72వ వంతున 156 మిల్లీమీటర్లు. కొలబద్ద పట్టుకొని, ఒక కిట్టు రెక్క రెండు మిల్లీమీటర్లు పొట్టియైనదని తీర్పుచెప్పువారు చాలమంది కలరు. నా మట్టుకు అది చిన్న దోషము. నిడివిలోని కొరతను కన్ను సులభముగా క్షమించును గాని, వంపులోని కొరతను క్షమింపదు. ఇంజను క్రింది గడ్డము ఒక్క మిల్లీమీటరు ఉబ్బినను, రెక్కకొన కొంచెము మొద్దుబారినను, పేరు చెప్పలేకపోయినను ఏదియో తప్పినదని మనస్సు పట్టివేయును. స్పిట్‌ఫైర్ రెక్క దీర్ఘవృత్తాకృతి గలది. మొదటినుండి కొనవరకు క్రమముగా పలుచబడుచు పోవును. అంతేకాదు, మొదట రెండు డిగ్రీలు పైకి, కొనయందు అర డిగ్రీ క్రిందికి ఉండునట్లు సన్నగా మెలితిరిగి యుండును. ఆ రెండున్నర డిగ్రీల మెలిక ప్లాస్టిక్‌లో ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు, అతికించిన రెక్కను కన్నుల మట్టమునకు ఎత్తి, కొనవైపునుండి మొదటివైపునకు చూడవలెను. ఆ మెలికను పట్టుకొనిన అచ్చుపనివాడు విమానమును నిజముగా చూచినవాడు.

ఇక రెక్క వెనుకటి యంచును గోటితో తడిమి చూడుడు. నిజవిమానమున అది కత్తివలె సన్నముగా ముగియును. కిట్టులో పైరేకు ఒకటి, క్రిందిరేకు ఒకటి కలిసి రెక్కయగును. ప్లాస్టిక్ ద్రవము అచ్చులో పారవలెనన్న ప్రతి రేకునకును కొంత మందము తప్పదు. రెండును కలిసినచోట ఆ మందము రెట్టింపగును. 72వ వంతు ప్రతిమలో వెనుకటి యంచు ఒక మిల్లీమీటరు మందమున్నచో, అసలు విమానమున అది 72 మిల్లీమీటర్ల దిమ్మె యగునని లెక్కవేసికొనిన మీదట ఆ రెక్కవంక మరల చూడబుద్ధికాదు. మంచి అచ్చుపనివారు ఈ చిక్కును చాకచక్యముగా తప్పించుకొందురు: అంచు మొత్తమును ఒక్క రేకులోనే పోసి, రెండవ రేకును దానికి కొంచెము లోపల, కనబడని చోట ముగింతురు. చీర కొనెడి యిల్లాలు అంచును చూచి మురిసిపోక, బట్టను తిరగవేసి నేతను చూచునట్లు, కిట్టును ఎంచువాడు రెక్క లోపలి వైపును త్రిప్పి ఈ పనితనమును చూడవలెను. పెట్టెపై చిత్రము ఎంత మనోహరమైనను ఈ సంగతిని చెప్పదు.

అందరి వాదములును చెలరేగునది ఉపరితలమును గూర్చి. పాతకాలపు కిట్టులలో రేకుల సంధిరేఖలు ఉబ్బెత్తుగా ఉండెడివి. ఉక్కు అచ్చుపై గీత గీయుట సులభము. అచ్చులోని గీత ముక్కపై గట్టుగా మారును. ముక్కపై లోతుగీత కావలెనన్న, అచ్చులో గట్టును నిలిపి చుట్టును ఉక్కును తొలగింపవలెను; అది కష్టసాధ్యమైన పని. నేటి కంపెనీలు ఆ కష్టమునకు వెనుదీయుట లేదు. కాని లోతుగీత ఉన్నంతమాత్రమున సరిపోదు. 48వ వంతున గీత వెడల్పు మిల్లీమీటరులో ఐదవ వంతున్నను, అసలు విమానమున అది చిటికెనవ్రేలు దూరునంత సందు. అడుగు దూరమునుండి ఈ ప్రతిమను చూచుట, నిజవిమానమును 48 అడుగుల దూరమునుండి చూచుటతో సమానము. అంతదూరమునుండి ఏది కన్నులకు ఆనునో, ఏది కరగిపోవునో ఎరిగి, కరగిపోవలసినదానిని కరగనిచ్చుటయే ఈ కళకు ప్రాణమని నా దృఢమైన నమ్మిక.

రివెట్ల సంగతియు నట్టిదే. స్పిట్‌ఫైర్‌ను కట్టినవారు గుండుతల రివెట్లు వాడినచో వేగము ఎంత తగ్గునో తెలిసికొనుటకు, ఉపరితలమున కలిసిపోయిన చదునుతల రివెట్లపై బఠాణీ బద్దలను జిగురుతో అతికించి విమానమును ఎగురవేసిరి. గరిష్ఠవేగము గంటకు 22 మైళ్ళు తగ్గినది. పిదప బద్దలను భాగభాగముగా గీకివేయుచు, ఎక్కడ చదునుతల తప్పనిసరియో, ఎక్కడ గుండుతల చెల్లునో తేల్చుకొనిరి. అందుచేత తొలి స్పిట్‌ఫైర్లలో రెక్క నున్నగాను, మొండెపు వెనుకభాగము గుండుతల రివెట్లతోను ఉండెడిది. రెక్కకును మొండెమునకును ఈ భేదము కిట్టులో కనబడుచున్నదా అని చూచుట మంచి పరీక్ష. ఎడ్యువర్డ్‌వారు ఉపరితలమంతటను రివెట్ల వరుసలను అత్యంతశ్రద్ధతో తీర్చిరి; ఆ పనితనమునకు చేతులెత్తి నమస్కరింపవలసినదే. అయినను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడు, తక్కువ పలుకు తమియావారి ఉపరితలమే నా కన్నునకు లోహముగా తోచుచున్నది. దీనిని ఒప్పుకొననివారు అనేకులు కలరు. వారి వాదమునందును బలము కలదు, ఏలయన రంగు పూసిన వెనుక ఆ రివెట్లు సగము పూడిపోవును. మస్టాంగ్ అను మరియొక యుద్ధవిమానపు రెక్క విషయమున మాత్రము నాకు సందేహము లేదు: అసలు కర్మాగారముననే రెక్క ముందుభాగమున సంధులను, రివెట్లను లప్పముతో పూడ్చి నున్నచేసి రంగువేసిరి గనుక, అక్కడ లోతుగీతలు చెక్కిన కిట్టు, ఎంత అందముగా చెక్కినను, తప్పే.

ఇక ప్లాస్టిక్ పోతలోని సామాన్యదోషములను త్వరగా చెప్పుదును. మందముగల చోట ప్లాస్టిక్ ఆలస్యముగా చల్లబడి కుదించుకొనుటచేత పైన గుంట పడును. అచ్చునుండి ముక్కను నెట్టు కడ్డీలు గుండ్రని ముద్రలు వేయును. అవి కనబడని వైపున పడినచో అచ్చుపనివాడు ముందుచూపు గలవాడు, పైలట్ కూర్చుండు చోటి గోడలపై పడినచో కాడు. అచ్చు అరిగి రెండు సగములు బిగియనిచో అంచుల వెంబడి పలుచని పొర మిగులును. పైలట్‌పై కప్పిన పారదర్శకపు మూత బుడగవలె ఉబ్బినదైనచో, రెండు సగముల అచ్చునుండి అది వెలికిరాదు. మూడవ ముక్క కలుపవలెను, కలిపినచోట నడుమ సన్నని గీత మిగులును. ఆ గీతను రుద్ది తుడుచుకొనవచ్చును గాని, మూత దళసరియై లోపలి దృశ్యము వంకరపోవుటకు మందు లేదు.

పిదప, విమానపు గుర్తులను ముద్రించి, నీటిలో నానవేసి జరిపి అతికించెడి డెకాల్స్‌ను భూతద్దముతో చూడుడు. 1940 నాటి స్పిట్‌ఫైర్ మొండెముపై ఎరుపు, తెలుపు, నీలము, వాని వెలుపల పసుపుగా ఒకదానిలో నొకటి వలయములుండును. ఎరుపుచుక్క నడిమినుండి వెంట్రుకవాసి జరిగినను, విమానమంతయు ప్రక్కకు చూచుచున్నట్లు తోచును. మన ప్రాంతమువారికి ఇచ్చట ఒక విశేషము కలదు. నిజాము ప్రభువు విరాళమునకు గుర్తుగా హైదరాబాదు పేరు ధరించిన బ్రిటిష్ వైమానికదళపు 152వ స్క్వాడ్రన్, 1940లో వార్మ్‌వెల్ కేంద్రమునుండి స్పిట్‌ఫైర్లతోనే పోరాడినది. దాని చిహ్నమున నిజాము తలపాగా, దాని విమానముల మొండెములపై యు, ఎం అను ఆంగ్లాక్షరములు ఉండెడివి. ఆ అక్షరములుగల డెకాల్స్ దొరికినచో, హైదరాబాదువారు విడువరాదని నా మనవి.

చివరగా, జిగురు తాకింపకముందే రెక్కను మొండెమునకు వట్టిగా చేర్చి, వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. సందులోనుండి వెలుతురు రానిచో, లప్పముతో పనిలేదు. వచ్చినచో, ఆ సందు పూడ్చి రుద్దునపుడు చుట్టుప్రక్కల సంధిరేఖలు కూడ అరిగిపోవునని ముందే తెలిసికొనుడు. ఈ పరీక్షలన్నిటికిని ప్రక్కన నిజవిమానపు ఛాయాచిత్రము నొకదానిని ఉంచుకొనవలెను. అది యుద్ధకాలమునాటిదై, తేదీ తెలిసినదై యుండుట మేలు. నేడు ప్రదర్శనశాలలలోను, ఆకాశమునను కనబడు స్పిట్‌ఫైర్లలో పెక్కింటికి రేకులు మారినవి, రివెట్లు మారినవి, రంగులు మారినవి. వానిని చూచి కిట్టును దిద్దబోయినచో, సరియైన కిట్టునే తప్పుపట్టుదుము.